ఇల్లు చూపే కెమెరా: ఏది కొనాలి? ఎవరి కోసం కొనాలి?

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ రెండింటికీ తోడుగా ఈ కాలం మరొక కష్టాన్ని తెచ్చిపెట్టింది. అది, ఫోటో చూసి ఇల్లు తీసుకోవడం! ఇల్లు కట్టినవాడికి ఇటుక ఇటుకా తెలుసు. పెళ్లి చేసినవాడికి పైసా పైసా తెలుసు. ఫోటో చూసి ఇల్లు తీసుకున్నవాడికి మాత్రం తాళం తీసి లోపల అడుగుపెట్టేదాకా ఏమీ తెలియదు. తెలిసేసరికి అడ్వాన్సు చేయి దాటిపోయి ఉంటుంది.

వెనకటికి "టు-లెట్" బోర్డు చూసి, సందు సందూ తిరిగి, ఇంటివారిని పలకరించి, నల్లా నీళ్లు ఏ వేళకు వస్తాయో కనుక్కొని మరీ ఇల్లు తీసుకునేవారు. ఇప్పుడు అంత తీరిక ఎవరికుంది? డల్లాసులో ఉద్యోగం చేసే కొడుకు తల్లిదండ్రుల కోసం మియాపూరులో ఫ్లాటు చూస్తాడు. ఆదిలాబాదు జిల్లాలోని తండ్రి తన కూతురి కోసం విద్యానగర్‌లో గది చూస్తాడు. ఒకరిది లక్షల వ్యవహారం, మరొకరిది నెల జీతంలో సగం. ఇద్దరూ చూసేది మాత్రం అరచేతిలోని అదే అద్దం. ఆ అద్దంలోకి బొమ్మను ఎక్కించినవాడు ఎవడో ఇద్దరికీ తెలియదు. ఆ "ఎవడో" రేపు మనమే కాబోతున్నాం గనుకనే ఈ నాలుగు మాటలూ రాయవలసి వచ్చింది.

సంగతేమిటంటే, చదువుకుంటూ సంపాదించుకునే విద్యార్థులకు పనికివచ్చేలా ఒక కెమెరా కొనాలనే ప్రతిపాదన మన సంఘం సమావేశంలో వచ్చింది. ఇళ్లు, ఫ్లాట్లు, హాస్టళ్ల ఫోటోలూ, వీడియోలూ తీసిపెట్టే పనికి నగరంలో గిరాకీ ఉన్న మాట నిజమే. నేను ఎం.ఎస్సి. ఫిజిక్సు చదువుతూ, రెండేళ్లుగా ఆదివారాల్లో అరువు కెమెరాతో ఆ పనే చేస్తున్నాను. కనుక ప్రతిపాదన విని సంతోషించిన వారిలో నేనూ ఒకణ్ణి. అయితే ఏది కొనాలి అనే దగ్గర పేచీ వచ్చింది. "కొంటే ఫుల్ ఫ్రేమే కొనాలి, డ్రోను కూడా ఉండాలి, లేకపోతే మనల్ని ఎవడు పిలుస్తాడు?" అని కొందరు మిత్రులు. "ఫోను ఉండగా కెమెరా ఎందుకు, దండగ!" అని మరికొందరు. ఈ రెండు వాదాలకూ నేను వ్యతిరేకిని. నా అభిప్రాయాన్ని ఒక్క వాక్యంలో చెప్పమంటే ఇలా చెబుతాను: కెమెరాకు తక్కువ ఖర్చు పెట్టండి, లెన్సునూ స్టాండునూ జాగ్రత్తగా ఎంచండి, వాటి పక్కన కొలత టేపు ఒకటి తప్పకుండా పెట్టండి. ఎందుకో వివరిస్తాను. ఓపిక పట్టవలసిందిగా మనవి.

ముందుగా కెమెరా బాడీ మాట. ఫుల్ ఫ్రేమ్ అంటే సెన్సరు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నది. పాత ఫిల్ము రీలు కొలతే అది. దానికి చిన్న తమ్ముడు ఎ.పి.ఎస్.-సి. కంపెనీని బట్టి దీని వెడల్పు ఇరవై రెండు నుంచి ఇరవై మూడున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇంకా చిన్నది మైక్రో ఫోర్ థర్డ్స్, వెడల్పు 17.3 మిల్లీమీటర్లు. సెన్సరు పెద్దదైతే వెలుతురు ఎక్కువ పడుతుంది, మసక చీకటిలో బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఇందులో తగాదా లేదు. పెళ్లిపందిట్లో పరిగెత్తే పిల్లవాడిని పట్టాలన్నా, రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ తీయాలన్నా పెద్ద సెన్సరు కావలసిందే.

కానీ మిత్రులారా, ఇల్లు కదలదు! మనం ట్రైపాడ్ మీద కెమెరా బిగించి, ఐ.ఎస్.ఓ. 100 వద్ద పెట్టి, అపెర్చరు ఎఫ్/8కి మూసి, షట్టరును ఒక సెకను, రెండు సెకన్లు తెరిచి ఉంచినా గోడ పారిపోదు, గుమ్మం కన్నార్పదు. పెద్ద సెన్సరు డబ్బుతో కొని తెచ్చే వెలుతురును, చిన్న సెన్సరు ఓపికతో సంపాదించుకుంటుంది. పైగా ఈ బొమ్మలు చివరికి చేరేది ఎక్కడికి? ఫోను తెర మీదికి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా 6000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మనిస్తుంది. ఫోర్-కే అని గొప్పగా చెప్పుకునే తెరకు కావలసినవి 3840 వెడల్పు, 2160 ఎత్తు, అంటే ఎనభై మూడు లక్షల చుక్కలు. వాడుకలో ఉన్న మామూలు కెమెరా కూడా దానికి మూడింతలు ఇస్తున్నప్పుడు, 45 మెగాపిక్సెళ్ల కోసం అప్పు చేయడం ఎందుకు?

మన హైదరాబాదు చరిత్రే ఇందుకు సాక్ష్యం చెబుతుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఫలక్‌నుమా వంటి మహళ్లను గాజుపలకల మీద చిత్రించాడు. ఆ రోజుల్లో పలకల వేగం ఎంత, వెలుతురు వసతి ఎంత? అయినా ఆ బొమ్మల్లో స్తంభాలు నిలువుగా నిలబడి ఉంటాయి. ఆయన రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకొని, ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాడు. భవనాన్ని గీతలుగా, కొలతలుగా చూడగల కన్ను ఆయనది. కెమెరా గొప్పదనం తరువాత మాట. నిలకడా, మట్టం చూసుకునే అలవాటూ ముందు మాట.

అందుచేత బాడీలో మనం చూడవలసినవి ఇవి: లెన్సు మార్చుకునే వీలు, రా ఫైలు ఇవ్వగలగడం, ఒకే దృశ్యాన్ని హెచ్చుతగ్గు వెలుతుర్లతో వరుసగా తీసే బ్రాకెటింగు, బయటి మైకు పెట్టుకునే రంధ్రం, తిప్పుకునే తెర, వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. ఇవన్నీ ఎ.పి.ఎస్.-సి. కెమెరాల్లో దొరుకుతాయి. కోఠీ, ఆబిడ్స్ వైపు దుకాణాల్లో సెకండ్‌హ్యాండువీ దొరుకుతాయి. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు షట్టరు ఎన్నిసార్లు పడిందో అడగండి. లెన్సులోకి టార్చి వేసి బూజు పట్టిందేమో చూడండి. మొహమాటం వద్దు.

ఇక అసలు విషయం లెన్సు. నా వాదమంతా ఇక్కడే ఉంది.

లెన్సు మీద మిల్లీమీటర్లలో ఉండే అంకె దాని నాభ్యంతరం అని ఇంటర్మీడియట్‌లోనే చదువుకున్నాం. అంకె తగ్గేకొద్దీ చూపు వెడల్పవుతుంది. ఎంత వెడల్పు కావాలి? గదినే అడుగుదాం. గది మూల 90 డిగ్రీలు. మూలలో నిలబడితే ఈ పక్క గోడా, ఆ పక్క గోడా రెండూ కనబడాలంటే 90 డిగ్రీల చూపు చాలు. ఫుల్ ఫ్రేమ్ వెడల్పు 36. అందులో సగం 18. నాభ్యంతరం కూడా 18 అయితే ఇటు 45 డిగ్రీలు, అటు 45 డిగ్రీలు, కలిపి సరిగ్గా 90. అంటే గదిని మొత్తం చూపడానికి ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 18 మిల్లీమీటర్లు కావాలి, అది చాలు. కెమెరాకూ కొంత చోటు కావాలి గనుక, ఇరుకు స్నానాలగదిలో 16 దాకా వెళ్లినా తప్పు పట్టను. అదే చూపు ఎ.పి.ఎస్.-సి.లో కావాలంటే కంపెనీని బట్టి 11 లేదా 12 మిల్లీమీటర్లు, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 9. కెమెరాతో పాటు ఇచ్చే 18–55 కిట్ లెన్సు ఎ.పి.ఎస్.-సి. మీద అరవై ఆరు డిగ్రీలే చూస్తుంది. హాలుకు చాలునేమో గాని వంటింటికి చాలదు. కాబట్టి కానన్‌వారి 10–18, నికాన్‌వారి 10–20, సోనీవారి 10–18 వంటి జూము లెన్సుల్లో, మన బాడీకి సరిపోయే ఒకటి కొనాలి. ఒక్కటి చాలు.

"10 దాకా ఉన్నప్పుడు 12 దగ్గర ఎందుకు ఆగాలి? ఇంకా వెడల్పుగా తీస్తే ఇంకా అందంగా ఉంటుంది కదా!" అంటారు. ఉంటుంది. ఆ అందం గదిది కాదు, గాజుది! మన ఫోన్లలో 0.5 అని ఒక బొత్తాము ఉంటుంది. చాలా ఫోన్లలో అది ఫుల్ ఫ్రేమ్ లెక్కలో సుమారు 13 మిల్లీమీటర్ల చూపు. మామూలు 1 బొత్తాము సుమారు 24. పది అడుగుల దూరంలో ఎదురుగోడకు ఏడడుగుల తలుపు ఉందనుకోండి. 24 వద్ద తీస్తే ఆ తలుపు బొమ్మ ఎత్తులో నూటికి 70 పాళ్లు ఆక్రమిస్తుంది. 13 వద్ద తీస్తే 38 పాళ్లే. మామూలు బొమ్మలు చూసి చూసి అలవాటుపడిన కంటికి ఆ తలుపు పది అడుగుల దూరాన కాదు, పద్దెనిమిది అడుగుల పైచిలుకు దూరాన ఉన్నట్టు తోస్తుంది. చిటికె వేసినంతలో గది ఎనిమిది అడుగులు పెరిగిందన్నమాట! మేస్త్రీ లేదు, ఇటుక లేదు, మునిసిపాలిటీ అనుమతి లేదు.

ఇది ఎదురుగోడ సంగతి. పక్కల సంగతి ఇంకా విచిత్రం. వెడల్పు లెన్సు అంచుల దగ్గర వస్తువులను సాగదీస్తుంది. ఫ్రేము పక్క అంచున ఒక గుండ్రని బంతి పెడితే, 24 వద్ద దాని వెడల్పు ఎత్తుకు ఒకటింబావు రెట్లు అవుతుంది. 16 వద్ద ఒకటిన్నర రెట్లు. 13 వద్ద ఒకటీ ముప్పావుకు దగ్గర. కాగితం మీద కొసైను లెక్క వేసి చూడండి, ఇదే వస్తుంది. మూడడుగుల పొయ్యిగట్టు అయిదడుగుల గట్టులాగా, నాలుగడుగుల బాల్కనీ వరండాలాగా కనిపించడంలోని మంత్రమంతా ఇంతే.

ఒక బ్రోకరు నాతో అన్న మాటలు ఇప్పటికీ జ్ఞాపకం. "ఫోటో మంచిగనే ఉంది తమ్ముడూ. గని గది జర పెద్దగ కనవడాలె. నీ ఫోన్ల 0.5 ఉంటది గద, గట్ల కొట్టు" అన్నాడు. "అన్నా, గది ఉన్నంతే ఉన్నది. రేపు వచ్చినోళ్లు చూస్తే ఏమంటరు?" అన్నాను. "వచ్చినంక సూద్దాం తియ్! ముందుగాల రానీ" అన్నాడు నవ్వుతూ. నేను ఉన్నంతే తీసి ఇచ్చాను. మళ్లీ ఆయన నన్ను పిలవలేదు. ఆయన చెడ్డవాడని నేననను. పక్క బ్రోకరు గది పద్దెనిమిది అడుగులుగా కనిపిస్తుంటే, తన గది పది అడుగులుగా కనిపించడం ఆయనకు నష్టమే మరి. ఒకడు అబద్ధం మొదలుపెడితే నిజం చెప్పేవాడు పేదవాడైపోవడం అంటే ఇదే.

ఆ "వచ్చినంక" ఏమవుతుందో కూడా చూశాను. మేము అద్దెకుంటున్న బిల్డింగులోనే పై వాటాకు, కరీంనగర్ వైపు నుంచి ఒక రిటైర్డు మాస్టారూ, ఆయన భార్యా సామాను వ్యాన్లో వేసుకొని వచ్చారు. మనవడి చదువు కోసం వచ్చినవారు. ఫోన్లో పంపిన ఫోటోలు చూసే అడ్వాన్సు కట్టారు. పడకగది తొమ్మిదడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు. వారి టేకు మంచం ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు. బీరువా పెడితే మంచం పట్టదు. ఆ రాత్రి బీరువా, కుట్టుమిషను మెట్ల దగ్గరే ఉండిపోయాయి. మాస్టారు ఒక్క మాటా అనలేదు. గోడను జేనలతో కొలుచుకుంటూ నిలబడ్డారు. ఆ తల్లి మాత్రం "ఫోటోల ఇంత పెద్దగ కనవడ్డది గద బిడ్డా!" అంది నాతో. ఏం చెప్పను? నాభ్యంతరం గురించి చెప్పనా?

సరే, లెన్సు తరువాత స్టాండు. ట్రైపాడ్ మీద డబ్బు మిగల్చాలనుకోవడం పునాదిలో సిమెంటు మిగల్చాలనుకోవడం లాంటిది. తేలికపాటి ప్లాస్టిక్ స్టాండు ఫ్యాను గాలికే వణుకుతుంది. గట్టి కాళ్లు, పైన మట్టం చూసుకునే బుడగ ఉన్నది తీసుకోవాలి. కెమెరాను సుమారు నాలుగడుగుల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అటూ ఇటూ వంచకుండా సమంగా నిలబెట్టాలి. కెమెరా ముక్కు కిందికి వంగినా, పైకి లేచినా గోడలు ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతాయి. గోడలు ఒరిగిన బొమ్మను చూసినవాడికి ఏమిటో తెలియని అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం న్యాయమే!

వెలుతురు మాట. మన ఎండ సామాన్యమైనది కాదు. మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులుంటే, లోపలి గదిలో నూరో, రెండు వందలో ఉంటాయి. గదికి సరిపడా తీస్తే కిటికీ తెల్లటి గుడ్డ అవుతుంది. కిటికీకి సరిపడా తీస్తే గది బావి అవుతుంది. అందుకే స్టాండు కదపకుండా మూడో, అయిదో బొమ్మలు హెచ్చుతగ్గు వెలుతుర్లలో తీసి తరువాత కలపాలి. కిటికీ బయట ఏముందో కనిపించడం చూసేవాడి హక్కు. అక్కడ చెట్టుందా, పక్కింటి గోడ మూడడుగుల దూరంలో ఉందా అనేది నెల నెలా అద్దె కట్టేవాడికి తెలియాలి. కిటికీని కావాలని తెల్లగా వదిలేయడం ఈ వృత్తిలో ఒక పాత చిట్కా. మనం దాన్ని నేర్చుకోవలసిన పనిలేదు.

ఇంకొక చిన్న సంగతి చాలామందికి తెలియక ఇబ్బంది పడతారు. మన కరెంటు 50 హెర్ట్‌జులు. చాలా ఎల్.ఇ.డి. బల్బులు, ట్యూబులు సెకనుకు నూరుసార్లు మినుకుతాయి. అమెరికా లెక్కన సెకనుకు 30 ఫ్రేములు, షట్టరు 1/60 పెట్టి వీడియో తీస్తే గోడల మీద నల్లటి పట్టీలు పాకుతాయి. 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టండి. పట్టీలు పోతాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

వీడియో గురించి నా అభిప్రాయం కొంత మొండిగా ఉంటుంది, క్షమించాలి. రెండు సెకన్లకొక ముక్క, వెనక హుషారు సంగీతం, తలుపు తీయగానే ఎగిరిపోయి బాల్కనీలో వాలే కెమెరా... ఇవి సినిమా ట్రైలరుకు బాగుంటాయి. ఇల్లు చూపడమంటే గేటు దగ్గర మొదలుపెట్టి, మెట్లెక్కి, గడప దాటి, హాలు, వంటిల్లు, పడకగది, స్నానాలగది, బాల్కనీ వరుసగా, కోత లేకుండా నడవడం. కోత పడిన ప్రతిచోటా ఏదో దాగి ఉండవచ్చు. మెట్ల సందు ఇరుకై ఉండవచ్చు, వంటింటికీ మరుగుదొడ్డికీ మధ్య ఒకే గోడ ఉండవచ్చు. నడక కుదుపు లేకుండా ఉండేందుకు గింబల్ ఒకటి కావాలి. కెమెరా బరువుకు తగినది ఎంచుకోవాలి. వీడియోకు మాత్రం రెండు సెకన్లు షట్టరు తెరిచే వీలుండదు గనుక, ఉదయం పదింటికో, సాయంత్రం నాలుగింటికో, ఇంట్లో దీపాలన్నీ వేసి తీయాలి. చిన్న సెన్సరు దానికి సరిపోతుంది. సంగీతం బదులు మంచి మైకు పెట్టి అక్కడి చప్పుడు వినిపించాలి. కింద బోరు మోటారు మోగితే మోగనివ్వండి. పక్కన ఫంక్షన్ హాలు ఉంటే ఆ బ్యాండు మేళం కూడా వినబడనివ్వండి. కొనేవాడు రేపు రోజూ వినబోయేది దాన్నే గదా!

రెండో ఏడు డబ్బు మిగిలితే 360 డిగ్రీల కెమెరా గురించి ఆలోచించవచ్చు. రికో కంపెనీ 2013లో థీటా తెచ్చినప్పటి నుంచీ ఇవి మామూలు జనానికి అందుబాటులోకి వచ్చాయి. వీపుకు వీపు ఆనించిన రెండు లెన్సులు చుట్టూ ఉన్నదంతా ఒకేసారి పట్టేస్తాయి. ఎటు చూడాలో తీసేవాడు కాక, చూసేవాడు నిర్ణయించుకుంటాడు. ఈ ఒక్క గుణం కోసం నాకు ఆ కెమెరా అంటే గౌరవం. అయితే అందులోనూ దూరాలు ఎక్కువగానే కనిపిస్తాయి. కొలతలు పక్కన రాయక తప్పదు.

డ్రోను మాత్రం వద్దని నా ఖచ్చితమైన అభిప్రాయం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములకు మించిన డ్రోనును వ్యాపారానికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. డ్రోనుకు రిజిస్ట్రేషన్ కావాలి. విమానాశ్రయాలు, రక్షణ శాఖ స్థలాలు ఉన్న నగరంలో ఎక్కడ ఎరుపు హద్దో, ఎక్కడ పసుపు హద్దో పటం చూసుకోవాలి. విదేశీ డ్రోన్ల దిగుమతిని ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. ఇంత తతంగం పడి చూపేది ఏమిటి? రెండు గదుల వాటా అద్దెకు తీసుకునేవాడికి ఆకాశం నుంచి తన ఇంటి కప్పు చూసి ఏం లాభం? పైగా పక్కింటి డాబా మీద వడియాలు పెట్టుకునే ఇల్లాలు మన వీడియోలో ఎందుకు పడాలి?

"ఇంత నీతి మనకెందుకు? చట్టం ఉందిగా!" అనేవారికి ఒక మాట. ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, మనం రేరా అనేది, 12వ సెక్షనులో ఈ సంగతి స్పష్టంగా చెబుతోంది: ప్రకటనలోనో, కరపత్రంలోనో, నమూనా ఫ్లాటులోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి ప్రమోటరు పరిహారం చెల్లించాలి. ధర లెక్కకు గోడల మధ్య నిజంగా వాడుకునే కార్పెట్ ఏరియాను ప్రమాణంగా పెట్టింది కూడా ఆ చట్టమే. మంచిదే. కానీ అది కొత్త వెంచర్లు వేసే ప్రమోటర్ల కోసం పుట్టిన చట్టం. పాత ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్న మాస్టారికి ఆ సెక్షను ఏ విధంగా అక్కరకు వస్తుంది? 0.5 బొత్తాము నొక్కినవాడిని ఏ కోర్టు పిలుస్తుంది? అద్దెకుండేవాడికి మిగిలిన చట్టం ఒక్కటే. కెమెరా పట్టుకున్నవాడి మనసు!

అంటే ఇల్లు చింపిరిగా ఉంటే చింపిరిగానే తీయాలా? అక్కర్లేదు. పెళ్లిచూపుల నాడు పిల్ల తల దువ్వుకోవడం మోసం కాదు. నేల తుడిపించండి, తాడు మీది బట్టలు తీయించండి, తెరలు జరపండి, దీపాలు వేయండి. హద్దు ఎక్కడంటారా? నేను పాటించే సూత్రం ఇది: మనం స్టాండు మడుచుకొని వెళ్లిపోయాక కూడా ఆ ఇంట్లో ఏది ఉంటుందో, దాన్నే చూపాలి. శుభ్రత ఉండవచ్చు. వెలుతురు ఉంటుంది. లేని ఎనిమిది అడుగులు ఉండవు. కంప్యూటరులో చెరిపేసిన ట్రాన్స్‌ఫార్మరు మర్నాడు పొద్దున్నే మళ్లీ అక్కడే ఉంటుంది. ఇప్పుడు కృత్రిమ మేధ పుణ్యమా అని ఖాళీ గదిలో లేని సోఫాను క్షణంలో వేయవచ్చు. వేయండి, కానీ పక్కన "ఇది ఊహాచిత్రం" అని రాసి, ఖాళీ గది బొమ్మనూ ఇవ్వండి.

కాబట్టి సంఘానికి నా సూచన ఇది. మన దగ్గర నూరు రూపాయలుంటే అందులో నలభై బాడీకి, ముప్పై వెడల్పు లెన్సుకు, ఇరవై ట్రైపాడ్‌కూ గింబల్‌కూ, మిగిలిన పది మైకు, అదనపు బ్యాటరీ, కార్డులు, కొలత టేపుల కోసం కేటాయించాలి. ఆ లెన్సు మీద 12 అంకె దగ్గర ఎర్ర రంగుతో ఒక గీత గీయాలి. గీత దాటి తీసిన బొమ్మకు సంఘం పేరు ఉండకూడదు. ప్రతి గది బొమ్మ కిందా పొడవు, వెడల్పు అడుగుల్లో రాయాలి. గుమ్మం వెడల్పు కూడా రాయాలి, మంచమూ బీరువా లోపలికి పోవాలి గదా!

ఈ కెమెరా మొదటి పని బ్రోకర్ల ఫ్లాట్లు కాకూడదని కూడా నా కోరిక. ప్రతి ఏటా జూలై, ఆగస్టు నెలల్లో జిల్లాల నుంచి వందలాది మంది కొత్త విద్యార్థులు వస్తారు. హాస్టలులో సీటు దొరకని వారు తార్నాక, నల్లకుంట, విద్యానగర్ సందుల్లో గదుల కోసం తిరుగుతారు. తిరగలేని వారు ఫోటో చూసి డబ్బు పంపుతారు. ఆ గదులన్నింటినీ మనమే కొలిచి, మనమే బొమ్మ తీసి, అద్దె ఎంతో, నీళ్లు ఎప్పుడొస్తాయో, కిటికీ బయట ఏముందో రాసి సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు పెడదాం. ఫోన్లోనూ అందరికీ అందేలా చేద్దాం. నాలుగు ఆదివారాల పని అది. ఆ రిజిస్టరు చూసి ఇంటి యజమానులే మనల్ని పిలిచే రోజు వస్తుందని నా నమ్మకం. రాకపోయినా నష్టం లేదు. ఒక తండ్రి ఆదిలాబాదులో కూర్చొని, బొమ్మ చూసి, కూతురి మంచం ఏ గోడకు వేయాలో నిశ్చింతగా చెప్పగలిగితే, ఆ కెమెరా ఖరీదు ఆ రోజే తీరిపోయినట్టు లెక్క.

పెద్ద కెమెరా కావాలనే మిత్రులతో నాకు విరోధం లేదు. తరువాతి సమావేశానికి వారు ధరల పట్టీ తెస్తామన్నారు. నేను టేపు తెస్తాను.